కణాల ఆనవాళ్లు: మెరిసే ప్రతిరక్షకాల చరిత్ర

రక్తంలోని లింఫోసైట్లు అనే తెల్లకణాలు సూక్ష్మదర్శిని కింద దాదాపు ఒకే తీరున, గుండ్రటి ముదురు కేంద్రకంతో, దాని చుట్టూ పలుచటి అంచుతో కనిపిస్తాయి కనుక, వాటిలో ఏది ఏ పని చేస్తుందో ఆకారాన్ని బట్టి తేల్చడం కుదరదు. ఆ తేడా కణాల ఉపరితలంపై ఉండే ప్రోటీన్లలో తెలుస్తుంది. ఈ ప్రోటీన్లను వెలుగుతో పట్టుకునే పద్ధతికి బీజం వేసినవాడు హార్వర్డ్‌కు చెందిన ఆల్బర్ట్ కూన్స్. పరాయి పదార్థాన్ని గుర్తించి అంటుకునే ప్రతిరక్షకానికి, అంటే యాంటీబాడీకి, అతినీలలోహిత కాంతిలో మెరిసే అణువును తగిలించినా దాని గుర్తింపు శక్తి చెడదని ఆయన బృందం 1941లో న్యుమోనియా బాక్టీరియాపై నిరూపించింది.

అలా మెరిసే కణాలను ఏరి వేరుచేసే యంత్రం వేరే దారిన వచ్చింది. సిరాబొట్లతో రాసే పరికరం కోసం స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ కనిపెట్టిన ఉపాయాన్ని లాస్ అలమోస్‌లో మాక్ ఫుల్‌వైలర్ అందిపుచ్చుకుని, కణాలున్న ద్రవధారను బొట్లుగా విడగొట్టి, కావలసిన బొట్టుకు విద్యుదావేశమిచ్చి పక్కకు మళ్లించే సాధనాన్ని 1965లో ప్రకటించాడు. అది కణాలను పరిమాణాన్ని బట్టి మాత్రమే వేరుచేసేది. లియొనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో దానికి 1969లో ప్రతిదీప్తిని, అంటే ఆ మెరుపును, కొలిచే ఏర్పాటును, 1972 నాటికి లేజర్‌ను చేర్చింది.

యంత్రం సిద్ధమైనా దానికి తగిన ప్రతిరక్షకం లేదు. జంతువుల రక్తం నుంచి తీసిన సీరంలో రకరకాల ప్రతిరక్షకాలు కలగలిసి ఉండేవి. ఒక జంతువు ఇచ్చినది మరొకటి ఇచ్చేది కాదు, ఆ జంతువు చనిపోతే సరఫరా అంతటితో సరి. ఈ రంగపు చరిత్రలో యంత్రానికే పెద్దపీట వేయడం పరిపాటి గానీ, అసలు మలుపు 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ చేసిన ప్రయోగమే. గొర్రె ఎర్రకణాలను ఎక్కించిన ఎలుక ప్లీహకణాలు కోరిన ప్రతిరక్షకాన్ని తయారుచేస్తాయి కానీ గాజుపాత్రలో ఎంతోకాలం బతకవు. మైలోమా అనే క్యాన్సర్ కణాలు అంతులేకుండా పెరుగుతాయి. ఈ రెండింటినీ సెండాయ్ వైరస్ సాయంతో కలిపి, కలవని మైలోమా కణాలు చచ్చిపోయే పోషక ద్రావణంలో పెంచి, మిగిలిన వాటి నుంచి ఒక్కొక్క కణాన్ని వేరుచేస్తే, దాని సంతతి అంతా ఒకే ప్రతిరక్షకాన్ని ఎంతకాలమైనా ఇస్తుంది. మోనోక్లోనల్ అంటే ఇదే. ఈ పద్ధతికి బ్రిటన్ పేటెంటు కూడా తీసుకోలేదు. 1976లో హెర్జెన్‌బర్గ్ మిల్‌స్టైన్ ప్రయోగశాలకు వెళ్లి ఈ విద్య నేర్చుకుని రావడంతో యంత్రమూ ప్రతిరక్షకమూ ఒకచోట చేరాయి.

ఆ తరువాత పేర్ల గందరగోళం మొదలైంది. ఒకే ప్రోటీన్‌ను ఒక ప్రయోగశాల ఓకేటీ4 అని, మరొకటి ల్యూ-3 అని పిలిచే ప్రతిరక్షకాలతో పట్టుకునేవి; 1982లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం సీడీ అనే సంఖ్యల పద్ధతిని నెలకొల్పడంతో ఆ ప్రోటీన్ సీడీ4 అయింది. ఎయిడ్స్ వైరస్ ప్రవేశించేది ఈ ప్రోటీన్ ఉన్న కణాల్లోకే కావడంతో వాటి లెక్క వైద్యానికి కొలమానమైంది. 2004 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో ఈ వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలైననాటికి, ఘన మిల్లీమీటరు రక్తంలో సీడీ4 కణాలు 200 కంటే తగ్గితే మందులు మొదలుపెట్టాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.