ద్విజములు: బాలుర దంతరక్షణము

పంటికి సంస్కృతమున ద్విజమని పేరు. రెండుమారులు పుట్టునది గనుక ఆ పేరు కలిగెను. మొదట పాలపండ్లు, ఆరవయేడు మొదలుకొని స్థిరదంతములు. మూడవ జన్మము లేదు. చింతచెట్టుపైనుండి పడియో, బిళ్ళంగోడు మూతికి తగిలియో బాలుని ముందుపన్ను ఊడినప్పుడు కర్తవ్యమేమి?

సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున మూడవ యధ్యాయము భగ్నచికిత్స. దెబ్బచే కదలి నెత్తురు కారుచున్నను విరుగని పండ్లను, పడుచువాని విషయమున, స్వస్థానమునకు నొక్కవలెననియు, వెలుపల చల్లని లేపనము వేయవలెననియు, కలువకాడతో పాలు త్రాగింపవలెననియు అందు విధింపబడినది. వృద్ధుని కదలిన పండ్లకు ఈ చికిత్స వలదనెను. లేతవయసున అతుకుకొను శక్తి యధికమని ఆ మహనీయుడెరిగియుండెను.

16వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు ఆంబ్రాయిజ్ పరే కదలిన పండ్లను యథాస్థానమున నిలిపి దారముతో కట్టెను. 1966లో డెన్మార్కు వైద్యులు ఆండ్రియాసెన్, యోర్టింగ్ హాన్సెన్ అనువారు మరల నాటిన 110 పండ్లను పరీక్షించిరి. అరగంటలోపల నాటినవానిలో నూటికి 90 పండ్ల వేళ్ళు కరగక నిలిచెను. రెండుగంటలు దాటినవానిలో నూటికి 95 పండ్ల వేళ్ళు కరగసాగెను. వేరునంటియున్న సజీవమైన పలుచని పొర ఎండిపోవుటయే దీనికి కారణము. పాలు ఆ పొరను కొన్ని గంటలు కాపాడునని 1980 ప్రాంతమున స్వీడను పరిశోధకులు తెలిపిరి. సుశ్రుతుడు చెప్పిన పాలు త్రాగుటకు. వీరు చెప్పినవి పంటిని దాచుటకు. రెంటిని ఒకటిగా తలపరాదు.

ఊడిన పాలపంటిని పేడముద్దలో పెట్టి ఇంటికప్పుపై విసరుట మనవారి యాచారము. అందు దోషము లేదు. పాలపంటిని మరల నాటరాదు. లోపల పెరుగుచున్న స్థిరదంతము చెడును. కాని స్థిరదంతమును విసరితిమా, ఆ సందు తిరిగి పూడదు.

కావున దానిని వేరు ముట్టక, నోట కనబడు తెల్లని కొసను పట్టుకొనుడు. మట్టి యంటినచో పాలలోగాని చన్నీటిలోగాని క్షణకాలము కడుగుడు. రుద్దరాదు, పసుపు, బూడిద పూయరాదు. బిడ్డకు స్పృహ యుండినచో వెంటనే పంటిని దాని గుంటలో నిలిపి, శుభ్రమైన గుడ్డను మెల్లగా కరవనిండు. సాధ్యము కానిచో చల్లని పాలలో వేసి దంతవైద్యుని యొద్దకు పరుగిడుడు. విరిగిన ముక్కను సైతము కొనిపోవుడు. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినను, వాంతియైనను, పంటి మాట విడిచి ముందు ఆసుపత్రికి పోవలెను.

పిట్టగోడ లేని మిద్దెకు గోడ కట్టించుట, ద్విచక్రవాహనముపై బిడ్డకు శిరస్త్రాణము పెట్టుట, బంతియాటలలో దంతకవచము తొడుగుట మున్ముందు చేయదగిన రక్షలు.

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెలు పెక్కింటినుండి దంతవైద్యుని చేరుటకు అరగంట చాలదు. అయినను పాడి లేని పల్లె యరుదు. ఆ అరగంటలో వైద్యుడు ఇంటి పెద్దయే.