సంచి లేని సుడిగాలి

వాక్యూమ్ క్లీనర్‌లో సంచికి రెండు పనులు: దుమ్మును ఆపాలి, గాలిని పోనివ్వాలి. గాలి పోయే సన్నని రంధ్రాలను పూడ్చేది ఆ దుమ్మే. అందుకే సంచి నిండకముందే పీల్చే బలం తగ్గిపోతుంది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ గుర్రపుబండి మీద ఇంటింటికీ తిప్పిన భారీ యంత్రంలో దుమ్మును ఆపింది కూడా గుడ్డే.

సంచికి విరుగుడు పిండిమిల్లుల్లో అప్పటికే ఉంది. గాలిలో తేలే పిండి నిప్పు తగిలితే మందుగుండులా పేలుతుంది. 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ మిల్లు అలా పేలి 18 మంది చనిపోయారు. మరో ఏడెనిమిదేళ్లకు మిషిగన్‌లోని నికర్‌బాకర్ కంపెనీ పిండిదుమ్ము పట్టే సైక్లోన్‌కు పేటెంట్ పొందింది. మన రైస్‌మిల్లుల్లో ఊకనూ తవుడునూ గాలి నుంచి విడదీసే రేకు గరాటు దాని వంశమే.

గరాటు పైభాగంలో గాలి పక్కవాటంగా దూరి గోడ వెంట గిరగిరా తిరుగుతుంది. బరువైన దుమ్ము గోడకు కొట్టుకుని కిందికి జారుతుంది, తేలికపడిన గాలి నడిమధ్య నుంచి పైకి పోతుంది. చుట్టు ఎంత చిన్నదైతే దుమ్మును బయటికి నెట్టే బలం అంత ఎక్కువ. గరాటు కిందికి సన్నబడటం అందుకే. పూడుకోవడానికి ఇక్కడ రంధ్రమే లేదు!

1978లో ఇంగ్లండులో జేమ్స్ డైసన్ తన ఇంటి యంత్రపు సంచి పీకేసి, అట్టముక్కలతో చిన్న సైక్లోన్ చేసి బిగించాడు. అది పనిచేసింది. కానీ ఇంటిదుమ్ము పిండిలా ఒకే తీరున ఉండదు. వెంట్రుకలు, దారాలు, పొగలాంటి నుసి అన్నీ కలిసి వస్తాయి. దాన్ని లొంగదీయడానికి ఆయన 5,127 నమూనాలు కట్టాడు. ఆ ఓపిక ముందు నాకు తల వంచాలనిపిస్తుంది. చివరికి ముతక చెత్తకు బయట ఒక సైక్లోన్, నుసికి లోపల ఇంకొకటి పెట్టాడు. 1986లో జపాన్‌లో జీ-ఫోర్స్, 1993లో బ్రిటన్‌లో డీసీ01 అనే ఆయన యంత్రాలు వచ్చాయి.

అయినా వడపోత తప్పలేదు. మరీ సన్నని రేణువులు గాలితోపాటే కొట్టుకుపోతాయి. వాటికోసం మోటారుకు ముందొక ఫిల్టర్, తర్వాత ఇంకొకటి పెడతారు. చాలా యంత్రాల్లో ఆ రెండోది హెపా. 1940లలో అణుబాంబు పరిశోధనలో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి పుట్టిన ఈ రకం 0.3 మైక్రాన్ రేణువుల్లో 99.97 శాతాన్ని పట్టాలి. సంచి లేదు కదా అని మోటారు ముందరి ఫిల్టర్‌ను మరిచిపోతే పాత జబ్బే తిరగబెడుతుంది. కడిగే రకమైతే కడిగి, ఒక రోజంతా ఆరనిచ్చి, తడి పూర్తిగా పోయాకే బిగించాలి.