కోనసీమలో మైక్రోప్లాస్టిక్‌లు

మైక్రోప్లాస్టిక్‌లు లేక సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అనగా 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవైన ప్లాస్టిక్ ముక్కలు, పోగులు మరియు పూసలు. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాన్ అంటారు. ఒక మైక్రాన్ కంటే చిన్న రేణువులకు నానోప్లాస్టిక్‌లని పేరు. వీటిలో అధిక భాగం కంటికి కనబడవు. ఆంధ్ర ప్రదేశ్‌లోని కోనసీమ గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న డెల్టా భూమి. ఇచట సాగునీరు, తాగునీరు, మురుగునీరు అన్నీ కాలువలతో ముడిపడి ఉన్నవి. చెత్త పడే కాలువ, మంచినీటి చెరువును నింపే కాలువ చాలా గ్రామాలలో ఒక్కటే కావడం వలన ఈ ప్రాంతంలో సమస్యకు ప్రత్యేక ప్రాముఖ్యం ఏర్పడింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నిత్యజీవితంలో ఈ రేణువులు ఎచట పుడతాయో, శరీరంలోకి ఎట్లు చేరతాయో, వాటిని ఎంతవరకు తగ్గించుకోవచ్చునో ఈ వ్యాసంలో చూడవచ్చు.

పేరు, పుట్టుక

ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ థాంప్సన్, ఆయన సహచరులు 2004లో సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసంతో మైక్రోప్లాస్టిక్ అన్న పేరు శాస్త్రలోకంలో స్థిరపడింది. సముద్ర తీరపు ఇసుకలోనూ, నీటిలోనూ సన్నని ప్లాస్టిక్ పోగులు పేరుకొని ఉన్నాయని వారు చూపారు.

ఈ రేణువులు రెండు విధాలు. పుట్టుకతోనే చిన్నవి మొదటి రకం. ప్లాస్టిక్ వస్తువుల తయారీకి ముడిసరుకుగా వాడే గుళికలు, ఒకప్పుడు ముఖం కడుగుకొనే క్రీములలో కలిపిన పూసలు ఇందుకు ఉదాహరణలు. అటువంటి పూసలను అమెరికా 2015లో చట్టం చేసి నిషేధించింది. 2025 మే 25న కేరళలోని కొచ్చి సమీపంలో ఎం.ఎస్.సి. ఎల్సా-3 అను నౌక మునిగిపోగా, అందులోని ప్లాస్టిక్ గుళికలు కేరళ, తమిళనాడు తీరాలకు కొట్టుకొని వచ్చాయి.

రెండవ రకం పెద్ద వస్తువులు చితికి ఏర్పడేవి. మనకు ముఖ్యంగా సంబంధించినది ఇదే. అరటి తొక్క మట్టిలో పడితే సూక్ష్మజీవులు దానిని తిని మట్టిగా మారుస్తాయి. పాలిథీన్ సంచి అట్లు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది పెళుసుబారి, రాపిడికి ముక్కలై, ఆ ముక్కలు మరింత చిన్న ముక్కలవుతాయి. వస్తువు కంటికి కనుమరుగైనా పదార్థం మాత్రం అచటనే ఉంటుంది.

కాలువలు, ఎండ, తొలి నీరు

1852లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుండి కోనసీమ, అనగా గోదావరి మధ్య డెల్టా, కాలువల మీద ఆధారపడి జీవిస్తున్నది. తీరప్రాంత మండలాలలో భూగర్భజలం ఉప్పగా ఉండడం వలన కాలువ నీటిని చెరువులలో నింపి, ఇసుక పడకల గుండా వడకట్టి తాగునీరుగా ఇస్తారు.

దాళ్వా పంట చేతికి వచ్చిన పిమ్మట, సాధారణంగా ఏప్రిల్ నెలలో, మరమ్మతుల కోసం కాలువలు కట్టివేస్తారు. మరల నీరు వదిలేది జూన్ ప్రాంతంలో. ఈ రెండు నెలలలో కాలువ అడుగు బయటపడుతుంది. సంవత్సరమంతా అందులో పడిన సంచులు, సీసాలు, పూజా సామగ్రి కవర్లు, మందు డబ్బాలు అన్నీ నడివేసవి ఎండకు నేరుగా గురవుతాయి. నీటి అడుగున బురదలో చల్లగా ఉన్న ప్లాస్టిక్ మెల్లగా చితుకుతుంది. రోహిణి కార్తె ఎండలో ఎండిన ప్లాస్టిక్ వేగంగా పెళుసవుతుంది. జూన్‌లో తొలి నీరు వచ్చి ఆ ముక్కలను ఊడ్చుకొని దిగువకు తీసుకొని పోతుంది. దిగువ ఊరి మంచినీటి చెరువు తూము ఆ కాలువ మీదనే ఉంటుంది. మిగిలినది మురుగు కాలువల ద్వారా సముద్రానికి చేరి, అంతర్వేది, ఓడలరేవు తీరాల ఇసుకలోకి అలలతో తిరిగి వస్తుంది.

కనుక కోనసీమలో ప్లాస్టిక్ ఏరివేతకు అన్నిటికంటే విలువైన సమయం కాలువలు కట్టివేసిన ఆ కొద్ది వారాలే. అప్పుడు ఒక సంచిని చేతితో తీయడం తేలిక. జూన్ తరువాత అదే సంచి వేల ముక్కలై నీటిలో కలిసిపోతుంది, దానిని ఎవరూ తీయలేరు. పూడిక తీసే పనివారు ప్లాస్టిక్‌ను మట్టితో కలిపి గట్టు మీద పోయడం పరిపాటి. తొలి వానకు అది తిరిగి కాలువలోకే జారుతుంది. దానిని వేరుచేసి తరలించడం అవసరం. చెరువులను తొలి రోజుల నీటితో నింపకుండా, కాలువ కొంత తేరుకున్న తరువాత తూము ఎత్తడం కూడ మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక ప్రకారం సక్రమంగా పనిచేసే నీటిశుద్ధి కేంద్రాలు సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులలో 90 శాతానికి పైగా తొలగించగలవు. గ్రామ రక్షిత మంచినీటి పథకంలోని ఇసుక పడకను సకాలంలో శుభ్రం చేయడం, ఇసుక మార్చడం అనేవి చిన్న పనులుగా తోచినా, ఊరంతటికీ ఒకేసారి ఫలితమిచ్చేవి ఇవే. గ్రామసభలో అడగవలసిన ప్రశ్న ఇది.

ఇతర మూలాలు

నైలాన్ వలలు, ప్లాస్టిక్ తాళ్ళు, రొయ్యల చెరువుల చుట్టూ కట్టే వలలు, గట్ల మీద పరిచే షీట్లు, మేత సంచులు, టార్పాలిన్లు, రోడ్డు మీద అరిగే వాహనాల టైర్లు అన్నీ రేణువులను విడుస్తాయి. కొబ్బరి పీచుతో తాడు పేనిన సీమలో పశువును కట్టడానికి సైతం ప్లాస్టిక్ తాడు కొనడం విచారించదగిన విషయం. అరిగిపోయిన పీచు తాడు పొలంలో ఎరువవుతుంది. ప్లాస్టిక్ తాడు పోగులుగా విడిపోయి పొలంలోనే మిగులుతుంది.

పాలిస్టర్, అక్రిలిక్, నైలాన్ బట్టలు ఉతికినప్పుడల్లా పోగులు రాలుతాయి. ప్లిమత్ పరిశోధకులు 2016లో 6 కిలోల అక్రిలిక్ బట్టల ఉతుకులో 7 లక్షలకు పైగా పోగులు రాలవచ్చునని లెక్కగట్టారు. కాలువ రేవులో ఉతికితే ఇవి నేరుగా నీటిలో కలుస్తాయి.

ప్లాస్టిక్ చెత్తను కాల్చివేయడం పరిష్కారం కాదు. పెరటి మంటలో అది పూర్తిగా కాలదు. కాలని తునకలు బూడిదలో మిగులుతాయి, పొగ మాత్రం ఊపిరితిత్తులలోకి పోతుంది. పి.వి.సి. వంటి క్లోరిన్ గల ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు వెలువడతాయి.

వంటింట, హోటలులో

ప్లాస్టిక్ నుండి రేణువులు విడిపోవడానికి వేడి, రాపిడి, ఎండ ప్రధాన కారణాలు. ఈ మూడింటిని గుర్తుంచుకొంటే ఏ వస్తువును ముందుగా మానుకోవలెనో ఎవరికి వారే తేల్చుకొనగలరు.

మొదట చెప్పవలసినది టీ కప్పు. కాగితపు కప్పు తడిసి కారకుండా లోపల పలుచని ప్లాస్టిక్ పొర, ఎక్కువగా పాలిథీన్ పొర, అంటిస్తారు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో అటువంటి కప్పులలో 100 మిల్లీలీటర్ల వేడినీరు పోసి 15 నిమిషాలు ఉంచగా సుమారు 25,000 రేణువులు నీటిలోకి విడుదలైనట్లు కనుగొన్నారు. కాగితపు కప్పు ప్లాస్టిక్ కప్పు కంటే సురక్షితమనే నమ్మకం చదువుకున్నవారిలోనూ ఉన్నది. గాజు గ్లాసు, స్టీలు గ్లాసు అడిగి పుచ్చుకోవడం ఇందుకు సులువైన విరుగుడు. అంతర్వేది కల్యాణం వంటి తీర్థాలలో, పెళ్ళిళ్ళలో ఊరుమ్మడి స్టీలు గ్లాసులు ఏర్పాటు చేసుకొన్నచో వేల కప్పులు తగ్గుతాయి.

వేడి సాంబారు, కూరలు పలుచని సంచులలో కట్టించుకొని రావడం, పాలిథీన్ కాగితం పరచి ఇడ్లీ వేయడం కూడ ఇటువంటివే. ఇడ్లీ తయారీలో ప్లాస్టిక్ కాగితాలు వాడడాన్ని 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం నిషేధించింది. ఈ విషయంలో కోనసీమకు పొరుగువారి నుండి నేర్వవలసినది లేదు. పనసాకులను పుల్లలతో కుట్టి బుట్టలు చేసి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కలు అంబాజీపేట పరిసరాలలో నేటికీ ప్రసిద్ధి. అరటికి పేరుపొందిన మార్కెట్టు రావులపాలెంలో ఉండగా, టిఫిను పళ్ళెం మీద ప్లాస్టిక్ కాగితం ఎందుకు పరచవలెనో ఈ వ్యాసకర్తకు బోధపడదు.

పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పాలీప్రొపిలీన్ పాలసీసాలలో వేడినీరు పోసి కలిపినప్పుడు లీటరుకు 1.6 కోట్ల వరకు రేణువులు విడుదల కావచ్చునని డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల పరిశోధకులు 2020లో తెలిపారు. నీటి వేడి పెరిగిన కొలదీ ఈ సంఖ్య పెరిగింది. పోతపాలు స్టీలు గిన్నెలో కలిపి, చల్లార్చి సీసాలో పోయడం, లేక వెండి, స్టీలు ఉగ్గుగిన్నెతో పట్టడం మంచిది.

సీసా నీరు శుద్ధమైనదనే భావన కూడ పరీక్షకు నిలువలేదు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024 జనవరిలో సీసా నీటిలో లీటరుకు సగటున 2.4 లక్షల రేణువులను లెక్కించారు. అందులో 90 శాతం నానోప్లాస్టిక్‌లు. కొన్ని రేణువులు శుద్ధి యంత్రపు పొర నుండే వచ్చి ఉండవచ్చునని వారు భావించారు. ఇంటికి తెచ్చుకొనే 20 లీటర్ల డబ్బా ఎండలో, ఆటో మీద గంటల తరబడి తిరగకుండా చూడవలెను. నీటిని ఇంట్లో స్టీలు బిందెలోకో, మట్టి కూజాలోకో మార్చుకోవచ్చు. చైనాలో 2024లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం, సున్నపు లవణాలు ఎక్కువ గల కఠినజలాన్ని మరిగించి వడకట్టితే రేణువులు 90 శాతం వరకు తగ్గినవి. మరిగేటప్పుడు ఏర్పడే సున్నపు పొరలో అవి చిక్కుకొంటాయి. మెత్తని నీటిలో ఈ తగ్గుదల సుమారు 25 శాతమే. నీరు కాచి తాగే పాత అలవాటు రోగక్రిముల నివారణకు ఎటూ అవసరమే.

ఉప్పు గురించి భయం కొంత ఎక్కువగా వ్యాపించింది. టాక్సిక్స్ లింక్ అను సంస్థ 2024లో పరీక్షించిన 10 రకాల ఉప్పులలోనూ రేణువులు ఉన్నవి. అత్యధికం కిలోకు సుమారు 89. రోజుకు 10 గ్రాముల ఉప్పు తినే వ్యక్తికి ఈ లెక్కన రోజుకు ఒక్క ముక్క కూడ రాదు. ఆ పరీక్షలో లెక్కించినవి పెద్ద ముక్కలు కనుక కప్పు లెక్కతో నేరుగా పోల్చరాదు. అయినను ఉప్పు కంటే ముందు టీ కప్పు గురించి ఆలోచించడం ఉచితం.

చేపలలో ఈ రేణువులు ఎక్కువగా పేగులలో ఉంటాయి. పొట్ట తీసి శుభ్రం చేసే పులస, పండుగప్ప వంటివి మానవలసిన పని లేదు. నిలువునా తినే మెత్తళ్ళు, రొయ్యపొట్టు విషయంలో ఈ సౌలభ్యం లేదు. రొయ్యలకు వీపు మీది నల్లని నరం తీయడం వలన పేగు పోతుంది.

ఆరోగ్యంపై ప్రభావం

2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు 22 మంది రక్తదాతలను పరీక్షించగా 17 మంది రక్తంలో ప్లాస్టిక్ కనబడింది. అంతకు ముందే ఇటలీ పరిశోధకులు మాయలో సైతం రేణువులను గుర్తించారు. 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఇటలీ పరిశోధనలో, మెడ ధమనులలో పేరుకొన్న కొవ్వును శస్త్రచికిత్సతో తీయించుకొన్న 257 మందిని గమనించగా 150 మంది కొవ్వులో పాలిథీన్ ఉన్నది. సుమారు 34 నెలల కాలంలో వీరికి గుండెపోటు, పక్షవాతం లేక మరణం సంభవించే అవకాశం మిగిలినవారి కంటే 4.5 రెట్లు అధికంగా కనబడింది.

ఈ అంకెను జాగ్రత్తగా చదువవలెను. ప్లాస్టిక్ వలననే వారికి జబ్బు వచ్చినదని ఈ పరిశోధన నిరూపించలేదు. రెండూ కలిసి కనబడినవని మాత్రమే చూపింది. మెదడులో ప్లాస్టిక్ గురించి 2025లో వెలువడిన ఫలితాలపైనా విమర్శలు వచ్చినవి. మెదడులోని కొవ్వు పదార్థాలు పరీక్షలో పాలిథీన్ వలె కనబడగలవని కొందరు శాస్త్రజ్ఞుల అభ్యంతరం. మనిషి వారానికి ఒక క్రెడిట్ కార్డు బరువంత, అనగా 5 గ్రాముల ప్లాస్టిక్ తింటాడని 2019లో ప్రచారమైన మాట పాఠశాల ఉపన్యాసాలలో నేటికీ వినబడుతుంది. తరువాతి అంచనాలు దానికంటే ఎన్నో వేల రెట్లు తక్కువగా ఉన్నవి. ఉపాధ్యాయులు ఈ పోలికను విడిచిపెట్టడం మంచిది.

జంతువులపై, కణాలపై జరిపిన ప్రయోగాలలో వాపు, కణాలకు నష్టం కనబడినవి. ప్లాస్టిక్‌లో కలిపే థాలేట్లు, బిస్ఫినాల్-ఎ వంటి రసాయనాలు హార్మోనుల పనికి అడ్డు తగులుతాయనడానికి మరింత గట్టి ఆధారాలున్నవి. వేడి ఆహారాన్ని ప్లాస్టిక్‌కు దూరంగా ఉంచమనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఇంటి దుమ్ములోని పోగులు శ్వాసతో లోపలికి పోతాయి కనుక, పసిపిల్లలు పాకే ఇంట్లో తడిగుడ్డతో తుడవడం పొడి చీపురు కంటే మేలు.

చట్టాలు

2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలకు 2021లో జరిగిన సవరణ ద్వారా 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ కప్పులు, పళ్ళేలు, చెంచాలు, స్ట్రాలు మొదలైన ఒకసారి వాడి పారవేసే వస్తువులు దేశమంతటా నిషిద్ధమయ్యాయి. 120 మైక్రాన్ల కంటే పలుచని చేతిసంచులను 2022 డిసెంబరు 31 నుండి నిషేధించారు. లోపల ప్లాస్టిక్ పొర గల కాగితపు కప్పు కేంద్ర జాబితాలో చేరలేదు. ఆహారంలో రేణువులను కొలిచే పద్ధతులు రూపొందించడానికి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024లో లక్నోలోని విషశాస్త్ర పరిశోధన సంస్థ, కొచ్చిలోని మత్స్య సాంకేతిక సంస్థ మొదలైన వాటితో కలిసి ఒక పథకం చేపట్టింది. ప్లాస్టిక్ కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం కోసం 2022లో ఆరంభమైన ప్రయత్నంలో భాగంగా 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు అంగీకారం కుదరకుండానే ముగిసినవి.