తాళంచెవుల గుత్తి – మెదడు తరంగాలు

మా పాన్‌గల్‌లో ఎవరికైనా మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టేవారు. నేనూ పెట్టాను. కానీ మూర్ఛ అంటే మెదడులోని విద్యుత్తు అదుపు తప్పడమే.

ఆ విద్యుత్ తరంగాలను 1924లో జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్ తొలిసారి మనిషిలో నమోదు చేశాడు. ఆయన చూసినవి ముఖ్యంగా సెకనుకు పది చొప్పున సాగేవి. సిరా ముల్లుతో కాగితంపై గీసే పాత యంత్రాలకు అతివేగ తరంగాలు అందలేదు. 1999లో లాస్ ఏంజలిస్ పరిశోధకులు రోగుల మెదడులో సన్నని తీగలమర్చి, సెకనుకు 250 నుంచి 500 దాకా సాగేవాటిని ప్రకటించారు. అవి మూర్ఛ పుట్టే చోటనే ఎక్కువ. అంటే జబ్బుకు చిరునామా దొరికింది. అది శాపం కాదు.

అదే ఏడాది హిందూ వివాహ చట్టంలో మూర్ఛను అనర్హతల నుంచి తొలగించారు. చట్టం మారింది. సంబంధాలు చూసేటప్పుడు మన మనసులూ మారాలి.