బోదురు కప్ప, జీలుగు చెట్టు.. రెడ్ లిస్ట్‌లో రెండిటికీ ఒకే ట్యాగ్! మరి రెండూ సేఫేనా?

కప్పకీ చెట్టుకీ పోలికేంటి అనుకుంటున్నారా? అనకాపల్లి జిల్లా రావికమతం మండలంలో వానలు పడితే చాలు, పొలం గట్ల దగ్గర రాత్రంతా బోదురు కప్పల అరుపులే. అక్కడి నుంచి కొండలెక్కి ఏజెన్సీ వైపు వెళ్తే జీలుగు చెట్లు. ఈ రెండిటినీ ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ ‘లీస్ట్ కన్సర్న్’లో పెట్టింది. అంటే అంతరించే ముప్పు ఇప్పట్లో లేదని. కానీ అది ఆ జాతి బతికే దేశాలన్నిటికీ కలిపి వేసిన లెక్క. మన మండలంలో ఎన్ని మిగిలాయో అది చెప్పదు.

ముందు వర్గీకరణ చూద్దాం. బోదురు కప్ప ఉభయచరం, డైక్రోగ్లాసిడే కుటుంబం. శాస్త్రీయ నామం హోప్లోబ్యాట్రకస్ టైగరినస్. పాత జువాలజీ పుస్తకాల్లో రానా టైగ్రినా అని చదువుకున్నది దీన్నే. జీలుగు ఏమో తాటి, ఈత, కొబ్బరి ఉన్న అరెకేసీ కుటుంబం. ఆకులు చేప తోకలా ఉంటాయి. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు కారియోటా యూరెన్స్. యూరెన్స్ అంటే మండించేది. పండు గుజ్జు చేతికి తగిలితే ఆ పేరెందుకో తెలుస్తుంది!

ట్యాగ్ ఒకటే అయినా రక్షణ ఒకటి కాదు. ఒకప్పుడు మన దేశం నుంచి కప్ప కాళ్లు విదేశాలకు టన్నుల లెక్కన వెళ్లేవి. పొలాల్లో పురుగుల్ని తినే కప్పలే పోతే ఎలా అన్న ఆందోళన మొదలైంది. 1985లో ఈ కప్ప సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలోకి చేరింది. 1987లో భారత్ ఎగుమతిని నిషేధించింది. ఇప్పుడు దానికి అసలు ఇబ్బంది మడుల్లో కొట్టే పురుగుమందు. గుడ్లు పెట్టేది ఆ నీళ్లలోనే మరి.

జీలుగుకి సైటిస్ అండ కూడా లేదు. పైగా దీని బతుకే వేరు. ఏళ్ల తరబడి పెరిగాక పై నుంచి కిందికి ఒక్కో గెల వేస్తుంది. అట్టడుగు గెల పండిందంటే చెట్టు చచ్చిపోతుంది. కల్లు గీసిన గెల కాయ కట్టదు. మాను లోపలి పిండి కోసం పూతకు ముందే నరికితే ఒక్క గింజా మిగలదు. అనకాపల్లి అంటే చెరకు బెల్లమే గుర్తొస్తుంది గానీ, జీలుగు నీరాతోనూ బెల్లం కాస్తారు. శ్రీలంకలో కితుల్ బెల్లం అంటే ఇదే. కాబట్టి గీత ఆపమనడం కుదరదు. ఒక్క గెల పండేదాకా వదిలినా చాలు, పునుగు పిల్లులు ఆ పండ్లు తిని గింజల్ని అడవిలో దూరదూరంగా పడేస్తాయి.