వజ్రకరూరు చేన్లలో వానరాళ్లు

తొలకరి పడితే మా అనంతపురం జిల్లాలో రెండు ఆశలు మొలుస్తాయి: ఒకటి వేరుశనగ, రెండోది వజ్రం. వాన ఎర్రమట్టిని కడిగాక వజ్రకరూరు చేన్లలో జనం తల వంచుకుని రాళ్లు వెతుకుతారు. దొరికినదాన్ని కొనడానికి గుత్తి, గుంతకల్లు వ్యాపారులు కాచుకుని ఉంటారు.

ఈ వెతుకులాట చాలా పాతది. 16వ శతాబ్దంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ వజ్రాల సీమ గురించి రాశాడు. అది గుత్తి ప్రాంతమేనని చరిత్రకారులు గుర్తించారు. దాన్ని ఏలిన నాయకుడు 20 మాంజెలిన్లు, అంటే సుమారు 25 క్యారెట్లు దాటిన రాళ్లను రాయల ఖజానాకు చేర్చాలి. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా లోకానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లాయి.

ఈ వజ్రాలను భూగర్భం నుంచి పైకి తెచ్చింది కింబర్లైట్ శిల. వజ్రకరూరులో దాని వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు.

ఇంత వజ్రాల సీమలో ఉన్నా మా అవ్వ ముక్కుపుడకలోది వజ్రం కాదు, గుంతకల్లు అంగట్లో కొన్న తెల్లరాయి. కరువు ఏడాది బంగారమంతా కుదువకు పోయినా దాన్ని మాత్రం తీయలేదు. ఈ నేలమీద నమ్మకం పోగొట్టుకోకూడదని ఆమె నాకు నేర్పింది. ఇప్పుడు ఆ పుడక నేను పెట్టుకుంటున్నాను, నా కూతురికి ఈ చరిత్రతో కలిపి ఇస్తాను.