భూతజీవుల వర్గీకరణలో ప్రజ్ఞ

పారసెల్సస్ మరణానంతరం 1566లో వెలువడిన గ్రంథం నీటికి అన్‌డైన్‌లను, గాలికి సిల్ఫులను, నేలకు గ్నోములను, నిప్పుకు సాలమండర్లను నివాసులుగా చెప్పింది. వీరికి మాట, ఆహారం, సంసారం అన్నీ ఉన్నాయి. లేనిది ఆత్మ ఒక్కటే. అంటే మనిషికీ వీరికీ భేదం ప్రజ్ఞలో లేదు.

గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాత్రధారణ క్రీడ నాలుగు భూతాల విభజనను గ్రహించి, అరబ్బీ కథల జిన్, ఇఫ్రీత్‌లనూ చేర్చుకుంది. క్రమేణా జిన్ గాలికి, ఇఫ్రీత్ నిప్పుకు చెందాయి. ఖాళీగా ఉన్న నేల, నీరు స్థానాలలో దావో, మారిద్ 1983 నాటి ప్రాణికోశంలో చేరాయి. ఇది సంప్రదాయానుసరణ కాదు, పట్టిక పూరణ.

చిక్కు ప్రజ్ఞ దగ్గర వచ్చింది. 2000 నాటి మూడవ కూర్పు ఇఫ్రీత్‌ను, సాలమండర్‌ను అన్యలోక వర్గంలో ఉంచి, ముడి మంటను భూతవర్గంలో మిగిల్చింది. 2014 నాటి అయిదవ కూర్పు అందరినీ మళ్ళీ ఒకే వర్గంలో కలిపింది. ఫలితంగా ప్రజ్ఞాంకం 6 గల అగ్నిభూతం, 16 గల ఇఫ్రీత్ సజాతీయాలయ్యాయి. (మూలద్రవ్యాన్నీ ప్రాణినీ ఒకే భూతశబ్దంతో చెప్పే తెలుగుకు ఈ కలయిక వింత కాదు.)

అయితే ఈ కూర్పులో భూతాహ్వాన మంత్రం చూసేది వర్గాన్ని, బలస్థాయిని, ప్రజ్ఞను కాదు. కనుక భాష, లోహశిల్పం ఎరిగిన, ప్రజ్ఞాంకం 12 గల ఏజర్ కూడా ముడి మంటలాగే మాంత్రికుని ఆజ్ఞకు కట్టుబడవలసి వస్తుంది. పారసెల్సస్ ఆత్మ లేదన్నాడే గాని, అన్‌డైన్ మనిషిని పెళ్ళాడి దాన్ని పొందే మార్గం చూపాడు. ఏజర్‌కు అలాంటి మార్గం ఈ నియమావళిలో లేదు.